డి డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ, సి డ్రైవ్‌లో మాత్రం జాగా లేదంటోంది. ఏం చేయాలి?

నల్లకుంట డీటీపీ:

అందరికీ నమస్కారం. నాది నల్లకుంటలో ఇంట్లోనే చిన్న డీటీపీ పని. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు, బడుల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ఫొటో ఆల్బమ్ పేజీలు. ఇక్కడ కంపోజ్ చేసి, ప్రూఫ్ ఓకే అయ్యాక ఛత్తా బజార్‌లో ప్రెస్సుకి పంపుతాను. శ్రావణమాసం ముహూర్తాలు నెత్తి మీదకొచ్చాయి. సరిగ్గా ఇప్పుడే సిస్టమ్ మొరాయిస్తోంది.

సిస్టమ్ అసెంబుల్ చేయించిందే. విండోస్ 10, ర్యామ్ 16 జీబీ. చిప్పులతో చేసిన డిస్కు, ఎస్‌ఎస్‌డీ, 480 జీబీ అని బిల్లు మీదుంది, లోపల చూస్తే అంతా కలిపి 447 అంటోంది. అమర్చినబ్బాయి దాన్ని రెండు ముక్కలు చేసిచ్చాడు. సి 97 జీబీ చిల్లర, మిగతాదంతా డి. సి కింద గీత ఎర్రబడి చాలా రోజులైంది. డి లో మాత్రం 210 జీబీ ఖాళీ. వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు, హాలు చూస్తే బోసిగా ఉంది, అట్లా ఉంది నా పరిస్థితి.

ఇంకో విడ్డూరం. పొద్దున ఆన్ చేసినప్పుడు సి లో తొమ్మిది పది జీబీ కనిపిస్తుంది. ఆల్బమ్ పేజీలు తెరిచి కాసేపు పనిచేసేసరికి ఒకటికి దిగిపోతుంది. స్క్రాచ్ డిస్క్ నిండిందని ఫొటోషాప్ గోల మొదలుపెడుతుంది. మూసేస్తే మళ్ళీ కొంత వెనక్కొస్తుంది.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకెళ్ళి డి మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్‌తో 100 జీబీ తీశాను. నల్లపట్టీతో అన్‌అలొకేటెడ్ (ఏ డ్రైవ్‌కీ చెందని ఖాళీ) అని వచ్చింది. తీరా సి మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిదరంగులో ఉంది, నొక్కినా పలకదు. సి కి, డి కి మధ్య రికవరీ పార్టిషన్ అని 600 ఎంబీల ముక్క ఒకటి కూడా ఉంది. అదెవరు పెట్టారో తెలియదు.

షాపులో అడిగితే "ఫార్మాట్ కొట్టి మళ్ళీ చేసిస్తాం మేడమ్, డేటాకి మాత్రం గ్యారంటీ లేదు" అన్నారు. ఫార్మాట్ అంటే అను తెలుగు ఫాంట్లు, పేజ్‌మేకర్, కోరల్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ మళ్ళీ మొదటినుంచి. సీజన్‌లో నాకది కుదరదు. ఆ నల్లపట్టీ సి కి ఎందుకు అతకదు? డి లో ఏళ్ళ తరబడి దాచిన ఫైళ్ళకి ఏమీ కాకుండా దారి ఏమైనా ఉందా?

కూకట్‌పల్లి బీటెక్:

అక్కా, సింపుల్. పార్టిషన్ సాఫ్ట్‌వేర్లు ఫ్రీగానే దొరుకుతాయి. డి ని కుడివైపు జరిపి సి ని లాగడమే. నా లాప్‌టాప్‌లో చేశాను, టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. అయినా ఈ కాలంలో సి, డి, ఇ అని ముక్కలెవరు చేస్తున్నారు? మా నాన్న పాత సిస్టమ్‌లో ఎఫ్ దాకా ఉండేవి. సినిమాలకొకటి, పాటలకొకటి, "పర్సనల్" అని ఇంకొకటి.

పార్క్‌లేన్ పాత మెకానిక్:

మేడమ్, ముందు ఆ నల్లపట్టీ సంగతి చూద్దాం. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కింద కనిపించే బొమ్మని ఎడమ నుంచి కుడికి చదవండి. మొదట ఈఎఫ్ఐ అని సిస్టమ్ బూట్ కావడానికి ఉండే చిన్న ముక్క, తర్వాత సి, తర్వాత రికవరీ, తర్వాత డి, చిట్టచివర మీరు తీసిన 100 జీబీ. విండోస్ ఏ పార్టిషన్‌నైనా కుడివైపుకే పెంచుతుంది. అదీ తనని ఆనుకుని ఉన్న ఖాళీలోకే. ష్రింక్ చేస్తే కోసేది ఎప్పుడూ తోక వైపు నుంచే. కాబట్టి మీరు తీసిన ఖాళీ డి కి అవతల పడింది. సి కి, దానికి మధ్యలో డి మొత్తం అడ్డంగా ఉంది. అంతే, ఏమీ చెడిపోలేదు. డి మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కండి, ఆ వంద మళ్ళీ డి లోనే కలిసిపోతుంది. ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి.

రికవరీ ముక్క విండోస్ తనంతట తాను పెట్టుకున్నది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పాత రికవరీ పార్టిషన్ చాలకపోతే, సి తోక నుంచి కాస్త కోసుకుని కొత్తది చేసుకుంటుంది. సిస్టమ్ బూట్ కానప్పుడు వచ్చే రిపేర్ స్క్రీన్ ఉండేది అందులోనే. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని డిలీట్ చేయనివ్వదు. డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో బలవంతంగా పీకేసే పద్ధతి వీడియోల్లో చూపిస్తుంటారు. అక్కడ పార్టిషన్ నంబరు ఒక్క అంకె తేడా కొడితే పోయేది డి. ఆ జోలికి వెళ్ళకండి.

447 సంగతి కూడా రాశారు కదా. 480 జీబీ అంటే తయారుచేసేవాళ్ళ లెక్కలో 48,000 కోట్ల బైట్లు. విండోస్ 1024 లెక్కన భాగించి చూపిస్తుంది కాబట్టి 447. ఎవరూ కాజేయలేదు. 97 కూడా ఆ బాపతే. విండోస్ వేసేటప్పుడు సైజు ఎంబీల్లో అడుగుతుంది. మా లైన్లో వాళ్ళు చూడకుండానే 100000 కొడతారు. 1024తో భాగిస్తే 97.65. విండోస్ 7 ఉన్న రోజుల్లో సి కి వంద అంటే దర్జాగా సరిపోయేది. విండోస్ మారింది, వేళ్ళు మాత్రం ఇంకా ఆ సున్నాలే కొడుతున్నాయి.

తమ్ముడు చెప్పింది జరగని పనేం కాదు. కానీ డి ని కుడికి జరపడమంటే స్క్రీన్ మీద గీత జరపడం కాదు. అందులో ఉన్న దాదాపు 140 జీబీ డేటాని ముక్క ముక్కగా చదివి పక్కచోట రాయాలి. తమ్ముడి డి ఖాళీగా ఉండి ఉంటుంది, అందుకే టీ తాగేలోపు అయింది. మీకు గంటలు పట్టొచ్చు. ఆ మధ్యలో వానొచ్చి కరెంటు పోతే? ఇంటి యూపీఎస్ ఆపేది నిమిషాల లెక్క. సగం పాత చోట, సగం కొత్త చోట మిగిలిన పార్టిషన్‌ని ఎవరు తెరుస్తారు? పైగా ఇది ఎస్‌ఎస్‌డీ. పాత హార్డ్‌డిస్కులో డిలీట్ అయినవాటిని రికవరీ వాళ్ళు చాలాసార్లు తోడి తీసేవాళ్ళు. ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ అని ఒకటుంది. డిలీట్ అయిన చోటు ఇక అక్కర్లేదని విండోస్ డ్రైవ్‌కి చెప్పేస్తుంది, డ్రైవ్ తన తీరిక చూసుకుని చెరిపేస్తుంది. ఆ తర్వాత ఎంత డబ్బు పోసినా రావడం కష్టం. బయట డిస్కులో డి మొత్తానికి కాపీ లేకుండా ఎవరూ పార్టిషన్లు జరపకూడదు.

అసలు మీ సమస్యకి పార్టిషన్ పెంచడం మందు కాదు. పొద్దున పది, పనిలో పడ్డాక ఒకటి అన్నారు. జాగా అట్లా వచ్చిపోతోందంటే ఎవరో అక్కడ రాస్తున్నారు, మళ్ళీ చెరిపేస్తున్నారు. వాళ్ళని పట్టుకోకుండా సి ని 200 చేసినా కొన్నాళ్ళకి మళ్ళీ ఇదే ఎర్రగీత. విజ్‌ట్రీ అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంట్లో వాడుకోవడానికి ఫ్రీ. దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి సి ని స్కాన్ చేయండి. పెద్దవి పైకొస్తాయి. ఏమేం ఉన్నాయో ఇక్కడ రాయండి. అప్పటిదాకా ఏదీ డిలీట్ చేయొద్దు.

నల్లకుంట డీటీపీ:

అన్నా, నల్లపట్టీ డి లో కలిసిపోయింది. ఫైళ్ళన్నీ ఉన్నాయి. సగం టెన్షన్ తీరింది.

విజ్‌ట్రీలో విండోస్ ఫోల్డరే పైనుంటుందనుకున్నాను. దానికంటే పైన యూజర్స్ ఉంది, 42 జీబీ. తవ్వుకుంటూ పోయాను. యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో యాపిల్ కంప్యూటర్, అందులో మొబైల్‌సింక్, అందులో బ్యాకప్. అదొక్కటే 34 జీబీ! మా ఇంట్లో ఐఫోన్ ఉన్నది మావాడికే. గచ్చిబౌలిలో చేరకముందు ఫోన్ మారుస్తూ ఈ సిస్టమ్‌కి కేబుల్ తగిలించాడు. ఆ తర్వాత ఫోన్ మళ్ళీ మారింది, ఉద్యోగమూ మారింది. బ్యాకప్ మాత్రం అమ్మ దగ్గర భద్రంగా ఉంది.

తర్వాత విండోస్ 28, ప్రోగ్రామ్ ఫైల్స్ 14. విడిగా హైబర్‌ఫిల్ అని 6.4 జీబీల ఫైలు ఒకటి, పేజ్‌ఫైల్ అని ఇంకోటి. విండోస్ లోపలే స్పూల్ అని ఉంది, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ 2 జీబీ. తేదీలు చూస్తే ఫిబ్రవరివి. అప్పుడొక బడి ప్రశ్నపత్రాలు ప్రింటు మధ్యలో ఆగిపోయి, ప్రింటర్ ఆపి మళ్ళీ వేసి పని కానిచ్చాం. ఆ పిల్లలు పరీక్ష రాసి పై క్లాసుకి వెళ్ళిపోయారు, ప్రశ్నపత్రం ఇంకా క్యూలోనే నిలబడింది.

ఇవి తీసేయొచ్చా? మరి ఆ వచ్చిపోయే జాగా సంగతేంటి?

దిల్‌సుఖ్‌నగర్ ఆల్బమ్స్:

వచ్చిపోయే జాగా గురించి నేను చెప్తానక్కా, మాకది రోజూ ఉండే బాధే. మీరు ఆల్బమ్ షీటు 12 బై 36 అంగుళాల్లో చేస్తున్నారనుకుందాం, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు). అంటే 3600 బై 10800 పిక్సెల్స్. మామూలు 8 బిట్ రంగులో ఒక్క నిండు లేయరే 110 ఎంబీ దాటుతుంది. దాని మీద వధూవరుల ఫొటోలు, పూల బోర్డరు, షాడోలు, ఇంకా మీరు వెనక్కి వెళ్ళడానికి దాచుకునే హిస్టరీ స్టేట్స్. ఇవన్నీ ర్యామ్‌లో పట్టవు. పట్టనిదంతా ఫొటోషాప్ డిస్క్ మీద ఒక టెంపరరీ ఫైల్లో పోస్తుంది. దానికే స్క్రాచ్ అని పేరు. మనం చెప్పకపోతే అది సి లోనే పోస్తుంది.

ఎడిట్, ప్రిఫరెన్సెస్, స్క్రాచ్ డిస్క్స్‌లోకెళ్ళి సి దగ్గర టిక్ తీసేసి డి దగ్గర పెట్టండి. ఫొటోషాప్ మూసి తెరవండి. ఎప్పుడైనా సి మరీ నిండిపోయి ఫొటోషాప్ తెరుచుకోకపోతే, ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్ రెండూ నొక్కిపట్టుకోండి. తెరుచుకునే ముందే స్క్రాచ్ ఎక్కడ పెట్టమంటారని అడుగుతుంది.

ఇంకోటి. పని మధ్యలో కరెంటు పోతే ఆ టెంపరరీ ఫైలు చెరిపేవాళ్ళు లేక అక్కడే ఉండిపోతుంది. ఫొటోషాప్ మూసేసి, టెంప్ ఫోల్డర్లో ఫొటోషాప్ టెంప్ అన్న పేరుతో ఏమున్నాయో చూడండి. మా దగ్గర వానాకాలంలో ఇవి పుట్టలు పుట్టలుగా పేరుకుంటాయి.

డి లో కూడా ఒకసారి "బ్యాకప్ ఆఫ్" అని వెతకండి. కోరల్ ఫైలు సేవ్ చేసినప్పుడల్లా పక్కనే పాతదాని కాపీ ఆ పేరుతో పెడుతుంది. నిరుడు డెలివరీ అయిపోయిన కార్డుల బ్యాకప్‌లు ఎందుకు? ఈ సీజన్‌వి మాత్రం ఉంచండి. ఫైలు కరప్ట్ అయిన రోజు పరువు కాపాడేది అవే.

పార్క్‌లేన్ పాత మెకానిక్:

ఆల్బమ్స్ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. అయితే సి, డి రెండూ ఒకే ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నాయి కాబట్టి స్క్రాచ్ డి కి మార్చినా స్పీడేమీ పెరగదు. జాగా గొడవ మాత్రం తీరుతుంది.

ఐఫోన్ బ్యాకప్‌ని ఫోల్డర్లోకెళ్ళి డిలీట్ చేయకండి. ముందు మీవాడిని అడగండి, పాత ఫొటోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవేమో. అక్కర్లేదంటే ఐట్యూన్స్ తెరిచి ఎడిట్, ప్రిఫరెన్సెస్, డివైసెస్‌లో ఆ బ్యాకప్‌ని ఎంచుకుని తీసేయండి.

హైబర్‌ఫిల్ అంటే సిస్టమ్‌ని హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నది రాసుకునే చోటు. విండోస్ 10 మామూలుగా ర్యామ్‌లో 40 శాతం పట్టిపెడుతుంది. 16 కి 6.4, మీ లెక్క సరిగ్గా సరిపోయింది. డెస్క్‌టాప్‌కి దానితో పెద్దగా పనిలేదు. స్టార్ట్ దగ్గర సీఎండీ అని టైప్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్ హెచ్, ఒక ఖాళీ, ఆఫ్. ఎంటర్. ఇంగ్లీషు కీబోర్డులోనే కొట్టాలి. అను లేఅవుట్ ఆన్‌లో ఉంటే వింత గుర్తులు పడి కమాండ్ తెలియదంటుంది, సిస్టమ్ పాడైందని కంగారుపడతారు. దీనితో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఆన్ కావడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పట్టొచ్చు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్‌ఫైల్‌ని మాత్రం ముట్టుకోకండి. ఫొటోషాప్‌తో పనిచేసే సిస్టమ్‌కి అది ఉండాల్సిందే.

ప్రశ్నపత్రం సంగతి. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చేసి, ఆ ప్రింటర్స్ ఫోల్డర్ లోపల ఉన్నవన్నీ తీసేసి, స్పూలర్‌ని మళ్ళీ స్టార్ట్ చేయండి. ఫోల్డర్ని ఉంచాలి, లోపలివే తీయాలి.

ఇక డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్. ముందు డి లో వీటికి ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్ చేయండి. తర్వాత డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్, డి లో ఆ కొత్త ఫోల్డర్. ఫోల్డర్ చేయకుండా తిన్నగా డి అని చూపించారో, డి డ్రైవ్ మొత్తమే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అయి కూర్చుంటుంది. దాన్ని విడదీయలేక మా బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామందే. ప్రోగ్రామ్ ఫైల్స్‌ని, యాప్‌డేటాని ఇట్లా కట్ చేసి పేస్ట్ చేయకూడదు. ప్రోగ్రాములు లేవలేవు.

విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ సంగతి సీజన్ దాటాక తీరిగ్గా చూసుకుందురుగాని. ఇప్పుడు రెండూ కలిపి పెట్టుకోవద్దు.

కూకట్‌పల్లి బీటెక్:

నా డి ఖాళీగానే ఉండేది అన్నా, ఎట్లా కనిపెట్టావు! సరే, అక్క కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే మొత్తం ఒకటే పార్టిషన్ పెడితే పోలా? ఈ ఎడమ కుడి పంచాయితీయే ఉండదు.

పార్క్‌లేన్ పాత మెకానిక్:

నీలాంటివాళ్ళకి ఒకటే చాలు. నేనూ లాప్‌టాప్‌లకి ముక్కలు చేయడం మానేశాను. డీటీపీ వాళ్ళకి మాత్రం ఇప్పటికీ రెండు చేస్తాను. వాళ్ళ సిస్టమ్ ఏదో ఒకరోజు ఎవరో ఒక కుర్రాడి చేతిలో ఫార్మాట్ అవుతుంది. రెండుంటే ఆ కుర్రాడు సి మాత్రమే కొట్టి డి ని వదిలేస్తాడు. ఒకటే ఉంటే అడక్కుండా అంతా ఊడ్చేస్తాడు. లాభం అంతవరకే. సి కి 200 తగ్గకుండా వదలాలి, ఇప్పటి విండోస్‌కి వంద ఏ మూలకి?

కానీ డి లో ఉంది కాబట్టి భద్రంగా ఉందనుకుంటే పొరపాటు. రెండూ ఒకే చిప్పుల మీద ఉన్నాయి. హార్డ్‌డిస్కు పోయేముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేసి చెప్పి పోతుంది. ఎస్‌ఎస్‌డీ రాత్రి బాగానే ఉండి పొద్దునకి కనిపించకుండా పోవచ్చు. అప్పుడు సి తోపాటే డి కూడా.

నల్లకుంట డీటీపీ:

మావాడికి ఫోన్ చేశాను. "అదింకా ఉందా అమ్మా, తీసెయ్" అన్నాడు. తీసేశాను. హైబర్‌ఫిల్, స్పూల్, టెంప్ కూడా అయ్యాయి. నిజంగానే అను ఆన్‌లో ఉండి మొదట పిచ్చి గుర్తులు పడ్డాయి, ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. సి లో ఇప్పుడు 50 జీబీ పైనే ఖాళీ. స్క్రాచ్ డి కి మార్చాక పొద్దుట్నుంచి ఆల్బమ్ పేజీలు చేస్తున్నా, అంకె కదలడం లేదు. అంటే ఈ పార్టిషన్లని ముట్టుకునే పనే లేదన్నమాట.

మీరు ఎస్‌ఎస్‌డీ గురించి అట్లా అన్నాక రాత్రి నిద్ర పట్టలేదు అన్నా. రేపు సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ షాపులకి వెళ్ళి బయట పెట్టుకునే డిస్కు తెచ్చుకుంటాను. 1 టీబీ తీసుకోనా, 2 టీబీనా?

పార్క్‌లేన్ పాత మెకానిక్:

మీ డి మొత్తం కలిపినా 350 లోపే. 1 టీబీ తీసుకుంటే 931 కనిపిస్తుంది, మళ్ళీ కంగారుపడకండి. పెద్దది ఒకటి కొనే డబ్బుకి 1 టీబీవి రెండు వచ్చేట్టుంటే రెండే తీసుకోండి. ఒకటి ఇంట్లో, ఇంకొకటి మీ అబ్బాయి రూములో. కాపీ అయ్యాక కేబుల్ తీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించి ఉంచితే వైరస్ వచ్చిన రోజు అదీ పోతుంది.

కొత్త డిస్కులో ఫైళ్ళు అమర్చే పద్ధతి, అంటే ఫార్మాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. ప్రెస్సులో మ్యాక్ ఉండి అక్కడా దాంట్లో రాయాల్సి వస్తే ఎక్స్‌ఫ్యాట్ పెట్టండి. మీరు ప్రెస్సుకి పట్టుకెళ్ళే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు దాంట్లోకి ఎక్కదు, అదీ ఒకసారి చూసుకోండి. బిల్లు తీసుకోండి, వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించుకోండి.